లైబ్రరీలో ఏది బయటికి, ఏది లోపల? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలా వరకు షేర్డ్ లైబ్రరీల గురించే ఉన్నాయి. ప్రోగ్రాం నడిచేటప్పుడు వచ్చి కలిసే కోడ్ ఫైళ్లివి: విండోస్‌లో డీఎల్ఎల్, లైనక్స్‌లో .ఎస్ఓ. అందుకే అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాం. తెలుగు వాక్యాన్ని అక్షరాలుగా విడగొట్టే చిన్న సి++ లైబ్రరీ ఒకటి ఉందనుకోండి, దాని పేరు 'అక్షర'. కోడ్‌లోని పదాలను ఇక్కడ పలికినట్టే తెలుగులో అచ్చువేస్తున్నాం. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి, మాక్రోల (కంపైల్ కాకముందే వేరే కోడ్‌గా మారే మాటల) పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ప్రశ్న: లైనక్స్‌లో చక్కగా బిల్డ్ అయ్యే లైబ్రరీని విజువల్ స్టూడియోలో కట్టాం. డీఎల్ఎల్ ఫైలు వచ్చింది కానీ దాని పక్కన రావాల్సిన .లిబ్ ఫైలు రాలేదు. కంపైలైన ముక్కలను కలిపే లింకర్ ఆ ఫైలు తెరవలేకపోతున్నానంటూ ఎల్ఎన్‌కె1104 చూపిస్తోంది. కోడ్‌లో తప్పేమీ కనిపించడం లేదు.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఫంక్షన్లలో తప్పు లేదు. వాటిని బయటికి ఇవ్వమని ఎవరూ చెప్పలేదు, అంతే. ఈ విషయంలో విండోస్‌ది, లైనక్స్‌ది పూర్తిగా ఎదురెదురు పద్ధతి. లైనక్స్‌లో మీరేమీ చెప్పకపోతే స్టాటిక్ కాని ప్రతి ఫంక్షనూ బయటికి కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో కడితే, మీరు చెప్పనంతవరకు ఒక్కటీ కనిపించదు. ఎక్స్‌పోర్ట్ అయినది ఒక్కటీ లేనప్పుడు ఇంపోర్ట్ లైబ్రరీలో పెట్టడానికి ఏమీ ఉండదు, అందుకే లింకర్ ఆ .లిబ్ ఫైలు తయారు చేయలేదు.

రెండు చోట్లా పనిచేయాలంటే హెడర్లో ఒక మాక్రో పెట్టుకోవాలి. దాని రూపం ఇది:

#ఇఫ్ డిఫైన్డ్(అక్షర_స్టాటిక్)
#  డిఫైన్ అక్షర_ఏపీఐ
#ఎలిఫ్ డిఫైన్డ్(_విన్32) || డిఫైన్డ్(__సిగ్విన్__)
#  ఇఫ్ డిఫైన్డ్(అక్షర_బిల్డింగ్)
#    డిఫైన్ అక్షర_ఏపీఐ __డెక్ల్‌స్పెక్(డీఎల్ఎల్‌ఎక్స్‌పోర్ట్)
#  ఎల్స్
#    డిఫైన్ అక్షర_ఏపీఐ __డెక్ల్‌స్పెక్(డీఎల్ఎల్‌ఇంపోర్ట్)
#  ఎండిఫ్
#ఎలిఫ్ __గ్నూసి__ >= 4
#  డిఫైన్ అక్షర_ఏపీఐ __అట్రిబ్యూట్__((విజిబిలిటీ("డీఫాల్ట్")))
#ఎల్స్
#  డిఫైన్ అక్షర_ఏపీఐ
#ఎండిఫ్

ఈ వరుసను మార్చకండి. విండోస్ కోసం వచ్చే జీసీసీ (గ్నూ కంపైలర్) అయిన మింగ్‌డబ్ల్యూలో _విన్32, __గ్నూసి__ రెండూ డిఫైన్ అయ్యే ఉంటాయి. గ్నూ పరీక్షను ముందు పెడితే విండోస్ మీద విజిబిలిటీ అట్రిబ్యూట్ వాడినట్టవుతుంది. కంపైలర్ ఒక వార్నింగ్ ఇచ్చి దాన్ని పక్కన పెట్టేస్తుంది. అప్పుడు ఒక్క గుర్తూ లేదు కాబట్టి మింగ్‌డబ్ల్యూ లింకర్ అన్నిటినీ ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. పైకి అంతా పనిచేస్తున్నట్టే ఉంటుంది, మీ మాక్రో మాత్రం ఏ పనీ చేయదు.

అక్షర_బిల్డింగ్ అనేది లైబ్రరీ సొంత సోర్సు ఫైళ్లను కంపైల్ చేసేటప్పుడు మాత్రమే డిఫైన్ కావాలి. సీమేక్ (బిల్డ్ నడిపించే సాధనం) వాడేవాళ్లకు ఈ పని కూడా లేదు. షేర్డ్ టార్గెట్ పేరు చివర '_ఎక్స్‌పోర్ట్స్' చేర్చిన మాక్రోను అదే డిఫైన్ చేస్తుంది, ఆ పేరునే హెడర్లో పరీక్షించండి. ఇది డిఫైన్ కాకుండా లైబ్రరీ కడితే, హెడర్ 'బయటినుంచి తెచ్చుకో' అంటుంది, సోర్సు ఫైలు 'ఇక్కడే ఉంది' అంటుంది. ఆ పొంతన కుదరనప్పుడే సి4273 వార్నింగ్ వస్తుంది. అది కనబడిందంటే ముందు ఈ మాక్రోనే చూడండి.

ఒక ప్రాజెక్టులో రెండు డీఎల్ఎల్‌లు ఉంటే రెండిటికీ వేర్వేరు మాక్రోలు ఉండాలి. ఒకే 'బిల్డింగ్' మాక్రోతో సరిపెడితే, రెండో డీఎల్ఎల్ కట్టేటప్పుడు మొదటిదాని ఫంక్షన్లు కూడా తనవే అనుకుంటుంది. మామూలు ఫంక్షన్లు ఇంపోర్ట్ లైబ్రరీలోని చిన్న మజిలీ గుండా దూకి ఎలాగో గట్టెక్కుతాయి. గ్లోబల్ వేరియబుళ్లు గట్టెక్కవు. వాటికి డీఎల్ఎల్‌ఇంపోర్ట్ తప్పనిసరి, లేకపోతే లింకర్ దొరకలేదంటుంది. సీమేక్‌లో 'విండోస్_ఎక్స్‌పోర్ట్_ఆల్_సింబల్స్' ఆన్ చేసి ఈ మాక్రోల బెడద వదిలించుకోవచ్చని కొందరు చెబుతారు. వేరియబుళ్ల విషయంలో దానికీ ఇదే ఇబ్బంది. పైగా ఒక డీఎల్ఎల్‌లో 65,535 ఎక్స్‌పోర్టులు దాటితే లింకర్ ఎల్ఎన్‌కె1189 అంటూ ఆగిపోతుంది. పాత కోడ్‌ను తాత్కాలికంగా కదిలించడానికి అది చాలు, కొత్త లైబ్రరీకి వద్దు.

ప్రశ్న: మేం లైనక్స్ వరకే పనిచేస్తాం. అక్కడ అన్నీ వాటంతట అవే బయటికి కనిపిస్తాయి కదా, ఈ మాక్రోలతో మాకేం పని?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: అన్నీ బయటికి కనిపించడమే అసలు చిక్కు. మీ లైబ్రరీలో 'హ్యాష్_అప్‌డేట్' అనే సహాయక ఫంక్షన్ ఉందనుకోండి. దాన్ని ఏ హెడర్లోనూ పెట్టలేదు, మీకు మాత్రమే తెలుసు. అదే ప్రోగ్రాంలో ఇంకెవరిదో లైబ్రరీ ఉంది, అందులోనూ 'హ్యాష్_అప్‌డేట్' ఉంది, దాని ఆర్గ్యుమెంట్లు వేరు. ప్రోగ్రాం మొదలైనప్పుడు లైబ్రరీలను కలిపే లోడర్ పేరును ముందు ప్రోగ్రాంలో వెతుకుతుంది, తర్వాత లైబ్రరీలను లింకైన వరుసలో చూస్తుంది, మొదట దొరికినదాన్నే అందరికీ కట్టేస్తుంది. మీ లైబ్రరీ వరుసలో వెనక ఉంటే, మీ ఫైలులోంచి మీ ఫంక్షన్‌కే చేసిన కాల్ వెళ్లి వాళ్ల ఫంక్షన్‌లో పడుతుంది. ప్రోగ్రాం కూలుతుంది, లేదా కూలకుండా తప్పు లెక్క ఇస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. సి++లో ఆర్గ్యుమెంట్ల రకాలు కూడా పేరులో కలుస్తాయి కాబట్టి ఇలాంటి ఢీ కొంత తగ్గుతుంది, సి ఫంక్షన్లకు ఆ రక్షణ కూడా లేదు.

చేయాల్సింది ఇది. కంపైలర్‌కు '-ఎఫ్‌విజిబిలిటీ=హిడెన్' ఇవ్వండి, సి++ అయితే '-ఎఫ్‌విజిబిలిటీ-ఇన్‌లైన్స్-హిడెన్' కూడా చేర్చండి. దాంతో డీఫాల్ట్‌గా అన్నీ లోపలే ఉంటాయి, పై మాక్రో తగిలించినవి మాత్రమే బయటికి వస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. బయటివాళ్లు తన స్థానంలో దూరలేరని తెలిసిన ఫంక్షన్‌ను కంపైలర్ నేరుగా పిలవగలదు, ఇన్‌లైన్ చేయగలదు (పిలిచే చోటే దాని కోడ్ పెట్టేయగలదు). లోడర్‌కు ముడివేయాల్సిన పేర్లు కూడా తగ్గుతాయి.

బిల్డ్ అయ్యాక 'ఎన్ఎం -డి -సి --డిఫైన్డ్-ఓన్లీ' కమాండ్‌కు (డి, సి పెద్ద అక్షరాలే) మీ .ఎస్ఓ ఫైలు ఇచ్చి చూడండి. ఈ చిట్టాలో ఉన్నదే మీ లైబ్రరీ నిజంగా బయటికి ఇస్తున్నది, హెడర్లో ఏం రాసినా సరే. దాన్ని మొదటిసారి చూసినప్పుడు రెండు వింతలు ఎదురవుతాయి. హిడెన్ పెట్టినా ఎస్‌టీడీ::వెక్టర్ లాంటి టెంప్లేట్ల ముక్కలు 'డబ్ల్యూ' గుర్తుతో కనిపిస్తాయి. జీసీసీ ప్రామాణిక లైబ్రరీ తన నేమ్‌స్పేస్‌ను తానే డీఫాల్ట్ విజిబిలిటీతో ప్రకటించుకుంటుంది, మీ ఫ్లాగు దాని మీద చెల్లదు. ఇక రెండోది: మీరు లోపల కలుపుకున్న .ఏ ఆర్కైవ్‌ల (స్టాటిక్ లైబ్రరీల) ఫంక్షన్లన్నీ మీ పేరు మీదే బయటికి వస్తుంటాయి. వాటిని ఎప్పుడో, ఎవరో, హిడెన్ ఫ్లాగు లేకుండా కంపైల్ చేసి ఉంటారు. లింకర్‌కు '--ఎక్స్‌క్లూడ్-లిబ్స్,ఆల్' ఇస్తే ఆర్కైవ్‌ల పీడ వదులుతుంది. రెండూ పోవాలంటే వర్షన్ స్క్రిప్ట్ (ఏ పేర్లు బయటికో లింకర్‌కు చెప్పే ఫైలు) రాసి, గ్లోబల్ కింద మీ పేర్లు, లోకల్ కింద ఒక్క నక్షత్రం గుర్తు పెట్టండి.

'ప్రాగ్మా జీసీసీ విజిబిలిటీ పుష్(హిడెన్)' జోలికి వెళ్తే ఒక జాగ్రత్త. దాని లోపల వేరేవాళ్ల హెడర్లను ఇంక్లూడ్ చేయకండి. కంపైలర్ ఫ్లాగు బయట ఉన్న ఎక్స్‌టర్న్ ప్రకటనలను ముట్టుకోదు, ప్రాగ్మా మాత్రం వాటిని కూడా హిడెన్ చేస్తుంది. దాంతో వేరే లైబ్రరీలో ఉన్న ఫంక్షన్ మీ దగ్గరే ఉండాలని లింకర్ పట్టుబట్టి, 'హిడెన్ సింబల్ డిఫైన్ కాలేదు' అంటుంది.

ప్రశ్న: హిడెన్ పెట్టగానే మా టెస్టులన్నీ లింక్ కావడం మానేశాయి. టెస్టుల కోసం లోపలి ఫంక్షన్లన్నిటికీ ఏపీఐ మాక్రో తగిలించాలా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. టెస్టు కోసం ఒకసారి బయటికి ఇచ్చినదాన్ని రేపు ఎవరో వాడతారు, ఆ తర్వాత తీయలేరు. సీమేక్‌లో సోర్సు ఫైళ్లను ఆబ్జెక్ట్ లైబ్రరీగానో స్టాటిక్ లైబ్రరీగానో ఇంకోసారి కట్టి, అక్షర_స్టాటిక్ డిఫైన్ చేసి, టెస్టులను దానికి లింక్ చేయండి. హిడెన్ అనేది .ఎస్ఓ గడప దగ్గర మాత్రమే పనిచేస్తుంది, ఒకే బైనరీలోని ఆబ్జెక్ట్ ఫైళ్ల మధ్య అడ్డు ఉండదు.

ప్రశ్న: స్టాటిక్‌గా లింక్ చేస్తే విండోస్‌లో '__ఇంప్_' అని మొదలయ్యే పేర్లు దొరకలేదంటూ ఎల్ఎన్‌కె2019 వస్తోంది. లైబ్రరీ మాత్రం శుభ్రంగా బిల్డ్ అవుతోంది.
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ఆ '__ఇంప్_' ముందుమాట చూస్తేనే విషయం తెలిసిపోతుంది: వాడుకునే కోడ్ డీఎల్ఎల్‌ఇంపోర్ట్ చూసింది. అక్షర_స్టాటిక్ మాక్రోను మీరు లైబ్రరీ కట్టేటప్పుడు డిఫైన్ చేశారు, వాడేవాళ్లకు చేరవేయలేదు. సీమేక్‌లో టార్గెట్_కంపైల్_డెఫినిషన్స్ దగ్గర ప్రైవేట్ అని ఉంటే పబ్లిక్ అని మార్చండి. సీమేక్ లేకుండా వాడేవాళ్ల కోసం ఆ మాక్రో పేరు రీడ్‌మీలో కనబడేలా రాయండి.

ప్రశ్న: మా లైబ్రరీ విసిరే ఎక్సెప్షన్‌ను వాడేవాళ్లు క్యాచ్ చేస్తారు. లైనక్స్‌లో జీసీసీతో పట్టుబడుతోంది. అదే కోడ్ ఎల్ఎల్‌వీఎం వాళ్ల లిబ్‌సి++ అనే సి++ ప్రామాణిక లైబ్రరీతో కడితే క్యాచ్ దాటిపోయి టెర్మినేట్ అవుతోంది.
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ ఎక్సెప్షన్ క్లాసుకు ఏపీఐ మాక్రో లేదు, చూసుకోండి. క్లాసు మొత్తం హెడర్లోనే ఉండి, బయట రాసిన వర్చువల్ ఫంక్షన్ ఒక్కటీ లేకపోతే, దాని టైప్ సమాచారం వాడిన ప్రతి చోటా ఒక ప్రతిగా పుడుతుంది. హిడెన్ వల్ల లైబ్రరీలోని ప్రతి లోపలే ఉండిపోతుంది, వాడేవాళ్ల ప్రోగ్రాంలో ఇంకో ప్రతి ఉంటుంది. జీసీసీ వాళ్ల లిబ్‌స్టడ్‌సి++ రెండు ప్రతుల పేర్లను పోల్చి ఒకటేనని ఒప్పుకుంటుంది. లిబ్‌సి++ చాలా ప్లాట్‌ఫాంల మీద అడ్రసులు పోలుస్తుంది. అడ్రసులు వేరు కాబట్టి ఇది వేరే క్లాసు అనుకుంటుంది. అంటే జీసీసీ దగ్గర మీ తప్పు బయటపడలేదంతే.

'క్లాస్' అనే మాటకూ క్లాసు పేరుకూ మధ్యలో అక్షర_ఏపీఐ పెట్టండి. దానితోపాటు డిస్ట్రక్టర్‌ను హెడర్లో ప్రకటించి సోర్సు ఫైలులో రాయండి. అప్పుడు వీటేబుల్ (వర్చువల్ ఫంక్షన్ల పట్టిక), టైప్ సమాచారం ఆ ఒక్క ఫైలులోనే పుడతాయి. గడప దాటి విసిరే ప్రతి ఎక్సెప్షన్‌కూ, బయటివాళ్లు డైనమిక్_కాస్ట్ చేసే ప్రతి క్లాసుకూ ఇది చేయాలి.

ప్రశ్న: పాత ఫంక్షన్‌ను వాడొద్దని చెప్పాలి, కానీ వాడేవాళ్ల ప్రోగ్రాంలు పాడవకూడదు. డెప్రికేషన్ మాక్రో ఎలా రాయాలి? ఎక్కడ పెట్టాలి?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: 'అక్షర'నే తీసుకుందాం. మొదటి విడుదలలో 'అక్షర_కౌంట్' అనే ఫంక్షన్ ఉంది, అది యూనికోడ్ పాయింట్లను లెక్కపెట్టేది. 'స్త్రీ' అని ఇస్తే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. చదివేవాళ్లకు అది ఒక్క అక్షరమే. తర్వాత 'అక్షర_కౌంట్_క్లస్టర్స్' వచ్చింది, అది 1 అని చెబుతుంది. పాతదాని జవాబును మార్చడానికి వీల్లేదు, ఆ 6 మీద ఆధారపడి కోడ్ రాసుకున్నవాళ్లుంటారు. దాన్ని అలాగే ఉంచి, వాడొద్దని మాత్రం చెప్పాలి.

సి++14 నుంచి, సిలో అయితే సి23 నుంచి, రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య 'డెప్రికేటెడ్' అని రాసే ప్రామాణిక రూపం ఉంది. అంతకంటే పాత కంపైలర్లకు గ్నూ అట్రిబ్యూట్ 'డెప్రికేటెడ్' వాడాలి (సందేశం ఇవ్వాలంటే జీసీసీ 4.5 నుంచి), మైక్రోసాఫ్ట్‌కు డెక్ల్‌స్పెక్ 'డెప్రికేటెడ్'. మూడిటినీ కలిపి అక్షర_డెప్రికేటెడ్(సందేశం) అని ఒక మాక్రో చేయండి. సందేశంలో 'పాతబడింది' అని ఊరుకుంటే చదివినవాడికి ఏం చేయాలో తెలియదు. '2.4 నుంచి వద్దు, అక్షర_కౌంట్_క్లస్టర్స్ వాడండి' అని రాయండి.

పెట్టే చోటు కూడా ముఖ్యం. ఫంక్షన్‌కు ముందు డెప్రికేటెడ్, తర్వాత ఏపీఐ, ఆ తర్వాత రిటర్న్ టైప్ రావాలి. తలకిందులు చేస్తే గ్నూ అట్రిబ్యూట్ వెనక చదరపు బ్రాకెట్లు వస్తాయి, చాలా జీసీసీ, క్లాంగ్ వెర్షన్లు దాన్ని సింటాక్స్ తప్పుగా తిప్పికొట్టాయి. క్లాసుకైతే 'క్లాస్' మాట తర్వాత అదే వరుస. ఇదంతా హెడర్లోని ప్రకటనకే పెట్టాలి. సోర్సు ఫైలులోని నిర్వచనానికి పెడితే వాడేవాళ్ల కంపైలర్‌కు అది కనిపించనే కనిపించదు.

కొంచెం పెద్ద లైబ్రరీ అయితే జీలిబ్ అనే సి లైబ్రరీ పద్ధతి నేర్చుకోదగ్గది. 2012లో వచ్చిన 2.32 నుంచి అది వాడేవాళ్లనే అడుగుతుంది: 'నువ్వు నడవాల్సిన కనీస వెర్షన్ ఏది?' ఆ జవాబు జీలిబ్_వర్షన్_మిన్_రిక్వైర్డ్ అనే మాక్రోలో ఉంటుంది. 'అక్షర' 2.4లో పాతబడిన ఫంక్షన్ గురించి, 2.2 మీద కూడా నడవాల్సిన ప్రోగ్రాంకు వార్నింగ్ ఇచ్చి ప్రయోజనం లేదు, దాని బదులు వాడాల్సిన ఫంక్షన్ 2.2లో ఉండకపోవచ్చు. తాను పాటించలేని సలహా రోజూ కళ్ల ముందు కనబడుతుంటే మనిషి వార్నింగులన్నిటినీ ఆపేస్తాడు. మీరు కూడా వెర్షన్‌ను 0x020400 లాంటి ఒకే అంకెగా పెట్టి, హెడర్లో పోల్చండి. ఒక్క జాగ్రత్త: #ఇఫ్ లోపల డిఫైన్ కాని పేరు వస్తే ప్రిప్రాసెసర్ దాన్ని 0గా తీసుకుని నోరెత్తదు. పేరులో ఒక్క అక్షరం తప్పితే ఆ వార్నింగ్ ఎప్పటికీ రాదు. '-డబ్ల్యూఅన్‌డెఫ్' పెట్టుకుంటే దొరికిపోతుంది.

ప్రశ్న: డెప్రికేషన్ పెట్టిన మర్నాడే మా లైబ్రరీ వాడే జట్టు బిల్డ్ ఆగిపోయిందన్నారు.
— ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: వాళ్లు అన్ని వార్నింగులను ఎర్రర్లుగా మార్చుకున్నారు. వాళ్ల వైపు '-డబ్ల్యూనో-ఎర్రర్=డెప్రికేటెడ్-డిక్లరేషన్స్' చేర్చమనండి. వార్నింగ్ కనిపిస్తూనే ఉంటుంది, బిల్డ్ మాత్రం ఆగదు. విజువల్ స్టూడియోలో /ఎస్‌డీఎల్ (అదనపు భద్రతా తనిఖీలు) ఆన్‌లో ఉంటే సి4996 అనే డెప్రికేషన్ వార్నింగ్ ఎర్రర్ అవుతుందని చాలామందికి తెలియదు. మీ లైబ్రరీలో పాత ఫంక్షన్‌ను పరీక్షించే టెస్టుల చుట్టూ మాత్రం డయాగ్నస్టిక్ పుష్, ఇగ్నోర్డ్, పాప్ ప్రాగ్మాలు పెట్టండి. ఫైలు మొత్తానికి ఆపేస్తే రేపు వచ్చే కొత్త వార్నింగులు కూడా కనబడకుండా పోతాయి.

ప్రశ్న: పాతవాటిని హెడర్లో #ఇఫ్‌ఎన్‌డెఫ్ అక్షర_నో_డెప్రికేటెడ్ మధ్య పెట్టాం, వద్దనుకున్నవాళ్లకు కనిపించకుండా. ఆ మాక్రో పెట్టుకున్న ఒక ప్రోగ్రాం మాత్రం విచిత్రంగా ప్రవర్తిస్తోంది: క్లోజ్ చేయమంటే చదవడం మొదలుపెడుతోంది.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు వర్చువల్ ఫంక్షన్‌ను ఆ గోడ మధ్య పెట్టారు. క్లాసులో ఓపెన్, ఓల్డ్‌రీడ్, క్లోజ్ అని మూడు వర్చువల్ ఫంక్షన్లు వరుసగా ఉన్నాయనుకోండి. మీరు కట్టిన లైబ్రరీ వీటేబుల్లో అవి 0, 1, 2 గదుల్లో ఉంటాయి. మాక్రో పెట్టుకున్నవాళ్ల హెడర్లో ఓల్డ్‌రీడ్ లేదు, కాబట్టి వాళ్ల కంపైలర్ దృష్టిలో క్లోజ్ 1వ గదిలో ఉంది. క్లోజ్ పిలిస్తే 1వ గదికి వెళ్తుంది, అక్కడ కూర్చున్నది ఓల్డ్‌రీడ్. కంపైలర్ ఏమీ అనదు, లింకరూ ఏమీ అనదు, ఎందుకంటే వర్చువల్ కాల్‌లో పేరు ఉండదు, గది నంబరే ఉంటుంది.

ఈ రకమైన గోడ మధ్య మామూలు ఫంక్షన్లను మాత్రమే పెట్టండి. వర్చువల్ ఫంక్షన్ కూడదు. డేటా మెంబర్ కూడదు, క్లాసు సైజు మారిపోతుంది. అంకె ఇవ్వని ఈనమ్ విలువ కూడదు, దాని తర్వాతవన్నీ ఒక్కో అంకె వెనక్కి జరుగుతాయి. వర్చువల్ ఫంక్షన్‌కు డెప్రికేటెడ్ మాత్రం తగిలించి, దాన్ని ఉన్న చోటే ఉంచండి.

ప్రశ్న: రెండేళ్లు వార్నింగ్ ఇచ్చాం. ఇప్పుడు పాత ఫంక్షన్‌ను తీసేయవచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వార్నింగ్ కంపైల్ చేసేవాళ్లకే కనిపిస్తుంది. ఎప్పుడో కంపైల్ చేసి సర్వర్ మీద పెట్టి వదిలేసిన ప్రోగ్రాం దాన్ని ఎన్నడూ చూడలేదు. మీరు సింబల్ తీసేస్తే పాడయ్యేది అదే. పైగా ప్రోగ్రాం మొదలవగానే పాడవ్వాలని కూడా లేదు. లోడర్ ఫంక్షన్లను మొదటిసారి పిలిచినప్పుడు మాత్రమే ముడివేసే పద్ధతిలో ఉంటే, అర్ధరాత్రి ఎప్పుడో ఆ దారిలోకి వెళ్లినప్పుడు 'అన్‌డిఫైన్డ్ సింబల్' అని పడిపోతుంది.

అందుకని హెడర్లోంచి తీయడాన్నీ, లైబ్రరీలోంచి తీయడాన్నీ వేర్వేరు పనులుగా చేయండి. లైనక్స్‌లోని ప్రామాణిక సి లైబ్రరీ గ్లిబ్‌సి, లైను చదివే పాత ఫంక్షన్ 'గెట్స్' విషయంలో చేసింది ఇదే. సి11 పద్ధతిలో కంపైల్ చేస్తే హెడర్లో ఆ ప్రకటన ఉండదు, లైబ్రరీలో సింబల్ మాత్రం పాత ప్రోగ్రాంల కోసం ఉంది, కొత్తగా లింక్ చేసేవాళ్లకు అది ప్రమాదకరమని లింకర్ హెచ్చరిస్తుంది. 64 బిట్ ఇంటెల్ మెషీన్ల మీద 'మెమ్‌సీపీవై'కి 2.14లో కొత్త వెర్షన్ ఇచ్చినప్పుడు కూడా పాత 2.2.5 వెర్షన్‌ను పక్కనే ఉంచారు.

నిజంగా తీసేయాల్సి వస్తే సోనేమ్ (లైబ్రరీ ఫైలు తన లోపల రాసుకునే పేరు) మార్చండి: లిబ్‌అక్షర.ఎస్ఓ.1 పోయి లిబ్‌అక్షర.ఎస్ఓ.2 రావాలి. అప్పుడు పాత ప్రోగ్రాంలు తమ పాత లైబ్రరీనే అడుగుతాయి, రెండూ ఒకే మెషీన్‌లో ఉండవచ్చు. విడుదలకు ముందు పాత, కొత్త .ఎస్ఓ ఫైళ్లను లిబ్‌అబిగెయిల్‌లోని 'అబిడిఫ్'కు (రెండు లైబ్రరీల తేడాలు చూపే సాధనానికి) ఇచ్చి, అది తిరిగిచ్చే ఎగ్జిట్ కోడ్ చూడండి. 0 అయితే తేడా లేదు. 4 అయితే ఏదో మారింది, కూర్చుని చదవాలి. సింబల్ పోతే దానికి 8 కలిసి 12 వస్తుంది. సోనేమ్ మార్చకుండా 12 వచ్చిందంటే ఆ విడుదలను ఆపండి. దీన్ని బిల్డ్ సర్వర్‌లో ప్రతి మార్పుకూ నడిచేలా పెట్టి, వాడేవాళ్లను ప్రోగ్రాంలు ఒకసారి 'ఎల్‌డీ_బైండ్_నౌ=1'తో నడిపి చూడమనండి. ముడిపడని పేరేదైనా ఉంటే మొదటి క్షణంలోనే బయటపడుతుంది.